ఇసుక నీళ్ళు తాగే చోటు

కలహారి ఎడారి నడిమధ్యలో, ఖాళీ చేయించిన గుడిసెల పక్కన ఒక ఎండుమడుగు ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. అక్కడ ఇసుక నీళ్ళు తాగుతుందని చెప్పుకుంటారు... జుర్ర్... జుర్ర్... అని. ఆ చప్పుడు విన్నవాడి ఒంట్లో తడి ఆరిపోతుందట.

అభయారణ్యం కాపలావాడు ఒతెంగ్‌కి ఇదంతా నవ్వులాట. "ఆ బుష్‌మన్‌లకి ఒంటిమీద బట్ట లేకపోయినా దెయ్యాలకి కరువు లేదు," అనేవాడు. మూడేళ్ళ కిందట, ఇది అభయారణ్యమంటూ, ఆ గుడిసెల్లోంచి వాళ్ళని లారీలెక్కించి ఎడారి అవతలి శిబిరానికి తోలినవాళ్ళలో అతనూ ఒకడు. దొంగచాటుగా తిరిగొచ్చేవాళ్ళని పట్టుకోవడమే ఇప్పుడతని పని.

ఒకసారి అతని జీపు ఇసుకలో కూరుకుపోయింది. రేడియో పలకలేదు. రెండో రోజుకి నీళ్ళు అయిపోయాయి. నడిచి నడిచి, పెదాలు పగిలి, పొద్దుగూకాక ఆ మడుగు దగ్గరే కూలబడ్డాడు.

అప్పుడు వినిపించింది—

జుర్ర్... జుర్ర్...

 చప్పుడు వైపు పాకాడు. దెయ్యమైతేనేం... అది తాగుతోంది కదా!

టార్చి వేశాడు.

ఇసుక గుంతలో గుచ్చిన గడ్డిగొట్టం. దానికి నోరానించి, మోకాళ్ళ మీద వంగిన ముడతల ముఖం. పక్కన, నోట పీల్చి వదిలిన నీళ్ళతో సగం నిండిన నిప్పుకోడి గుడ్డుపెంకు.

"దీపం ఆర్పరా," అంది గుసగుసగా.

"కోబా అవ్వా!" ఆనాడు లారీ చక్రాల ముందు పడుకున్న ముసలమ్మే. ఆమె కాళ్ళు పట్టి పక్కకి ఈడ్చినవాడు తనే. "నువ్వు... శిబిరంలో కదా?"

"అక్కడి నీళ్ళు నా గొంతు దిగవు. అందుకే నడిచొస్తా. దెయ్యం మాట మేం పుట్టించిందే... మీలాంటి వీరులు ఇటు రాకుండా."

"నిన్ను పట్టుకోవాలి..."

"పట్టుకో. ముందు లేచి నిలబడు."

లేవలేకపోయాడు. ఆమె గుడ్డుపెంకు అందించింది. గటగటా తాగాడు. ఆమె చూపులో జాలి లేదు, ఎంగిలాకుని చూసినట్టు చూసింది.

"తాతల నాటి నుంచీ ఇక్కడ బతికిన మేం దొంగలం. రెండు రోజులు బతకలేని నువ్వు కాపలావాడివి. థూ!"

పెంకు అంచుని ఇసుకతో రెండుసార్లు తోమింది.

దూరంగా జీపు దీపాలు... అతన్ని వెతుక్కుంటూ వస్తున్నారు. కోబా బెదరలేదు. అతని వంకే చూస్తూ నిలబడింది.

ఒతెంగ్ రెండు చేతులతో ఇసుక తోడి ఆ గుంతలో పోయసాగాడు.

"నీళ్ళు పూడ్చేస్తే చాలా, చేతకానివాడా? నా అడుగుజాడల మాటేంటి?" అంటూ ఆమె గడ్డిలోకి నడిచింది.

అతను తల మీది టోపీ తీశాడు. ఆమె వెనకే పాకుతూ, దాంతో ఒక్కొక్క అడుగుజాడే చెరిపాడు.