గుంత పక్క బల్ల

"హాల్లో సామాను తక్కువుంటే ఇల్లు పెద్దగా కనిపిస్తాది పాపా. ఆ గుంత మాత్రం వాళ్ల కంట పడగూడదు," అని చెప్పి బ్రోకరు ఢిల్లీబాబు బండెక్కి వెళ్లిపోయాడు. నాలుగింటికి ఇల్లు చూడడానికి మనుషులొస్తారు.

హేమశ్రీ ఐదో తరగతి. నగరిలో వాళ్లది నేతవాళ్ల ఇల్లు. పని లేక మగ్గం తీసేశారు. నాయన తిరుపతిలో బట్టల షాపులో చేరాడు. ఇల్లు అమ్ముడుపోతే అందరూ అక్కడికే వెళ్లాలి. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మోకాటి లోతు గుంత ఒక్కటే హాల్లో మిగిలింది. ఎవరూ పడకుండా దాని అంచున అడ్డంగా ఒక పాత బల్ల ఉంది.

అమ్మ కొళాయి దగ్గరుంది. హేమశ్రీ ఎవరినీ అడగలేదు. బల్లను పెరట్లోకి ఈడ్చేసింది. గుంత మీద రెండు సన్నటి కర్రలు పెట్టి, కొత్త చాప పరిచింది. హాలు నిజంగానే పెద్దగా కనిపించింది. ఎంత మురిసిపోయిందో!

అప్పుడే సుబ్బులమ్మవ్వ నిద్ర లేచింది. అవ్వకు చూపు పోయి రెండేళ్లయింది. అయినా ఇంట్లో ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు. తలుపు, బీరువా, బల్ల... ఒక్కొక్కటే తడుముకుంటూ పెరట్లోకి వెళ్లిపోతుంది.

ఆ రోజు బీరువా దాకా వచ్చింది. అక్కడి నుంచి అలవాటైన అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, బల్ల కోసం చెయ్యి చాచింది. చేతికి ఏమీ తగల్లేదు.

"బల్ల యాడమ్మా?" అంటూ ఇంకో అడుగు వేసింది. కర్రలు విరిగాయి.

ఇల్లు చూసేవాళ్లు వచ్చేసరికి అవ్వ కాలికి కట్టుతో మంచం మీద ఉంది. అమ్మ బల్లను మళ్లీ దాని చోట పెట్టి, "ఇది మగ్గం గుంత. మీరే పూడ్చుకోవాల," అని వాళ్లకు చూపించింది. అయినా వాళ్లు ఇల్లు కొన్నారు.

హేమశ్రీని ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. కాలు నయమైనా అవ్వ ఒంటరిగా లేవడం మానేసింది. "ఎవురన్నా చెయ్యి పట్టుకోండి," అని అడిగినప్పుడల్లా హేమశ్రీకి ఏడుపొచ్చేది.

తిరుపతిలో అద్దె ఇల్లు ఇరుకు. సామాను దించుతూ నాయన, "ఈ బల్లకు ఈడ చోటు లేదు. మిద్దె మీద పడేద్దాం," అన్నాడు.

"వద్దు నాయనా! అవ్వను అడిగినాకే పెడదాం," అంది హేమశ్రీ. అవ్వ పక్కన కూర్చుంది. "బీరువా నుంచి బల్లకు ఎన్ని అడుగులవ్వా?"

అవ్వ కూర్చున్నచోటే పాదాలు ఒకదాని తర్వాత ఒకటి కదిపి చూసుకుంది. తర్వాత, "మూడు," అంది.

హేమశ్రీ అవ్వ చెప్పులు వేసుకుని, బీరువా నుంచి అవ్వలాగే మూడడుగులు వేసి చూపించింది. నాయన బల్లను అక్కడే పెట్టాడు.

మర్నాడు పొద్దున అవ్వ తనంతట తానే లేచింది. తలుపు, బీరువా తడిమింది. మూడడుగులు వేసింది. బల్ల చేతికి తగిలింది. దాన్ని పట్టుకుని, జాగ్రత్తగా పక్కకు తిరిగి, గుంతను చుట్టుకుని నడిచింది.

'ఈడ గుంత లేదవ్వా' అనబోయి హేమశ్రీ ఆగిపోయింది. తను కూడా లేని గుంతను చుట్టుకుంటూ అవ్వ వెనకే నడిచింది.