పద్దెనిమిదో నిషేధం

2094లో విశాఖలో ఎవరూ "ఇవాళ ఏం కూర?" అని అడగడం లేదు. "ఇవాళ ఏం పాసయింది?" అంటున్నారు. పాస్ చేసేది కుక్షిరక్షి. పేగు గోడకు అతుక్కుని ఉండే ఆవగింజంత బయోసెన్సార్ అది. ఏ పదార్థం పడక పేగు వాచినా వెంటనే పసిగట్టి, దాన్ని నిషేధించి, వంటింటి యంత్రానికి కబురు పెడుతుంది. ఇక ఆ పదార్థం ఆ మనిషి దరిదాపులకు వస్తే మధ్యలో అద్దం గోడ దిగుతుంది.

మొదట్లో నిషేధం ఎత్తేసే మీట ఒకటుండేది. కానీ అమ్మమ్మలు ఊరుకుంటారా? "ఒక్క ముద్దకేం కాదులే" అంటూ మీట నొక్కి మరీ తినిపించేవాళ్లు. పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. దాంతో కుక్షిరక్షిని కనిపెట్టిన డాక్టర్ నీరద ఆ మీటనే తీసేసింది, తనకు కూడా లేకుండా.

ఆ నీరద ఇప్పుడు కూతురి కంచం ముందు కూర్చుని లోలోపల వణికిపోతోంది. ఎనిమిదేళ్ల శమి పసితనంలో పాలు పడక, పేగు పుండై, చావు అంచుల దాకా వెళ్లొచ్చింది. ఈ యంత్రం పుట్టిందే ఆ పిల్ల కోసం. పాలు, గోధుమ, గుడ్డు, వేరుశనగ పోయినప్పుడు నీరద సరేననుకుంది. కానీ ఈ రెండు నెలల్లో కందిపప్పు, చింతపండు, అరటిపండు... మొత్తం పదిహేడు పోయాయి. గంజి ఒక్కటే మిగిలింది. పిల్ల భుజాల ఎముకలు గౌను మీంచే తెలుస్తున్నాయి.

"తాగు బంగారం, ఏం కాదు."

నోటితో అంటోందే గాని, నీరద చూపంతా గోడమీది వాపు సూచీ మీదే ఉంది. శమి తల్లి మొహంలోకి చూసింది. చెంచా పెదవికి తగలకముందే సూచీ ఎర్రబడింది.

"కడుపులో నొప్పమ్మా."

నీరద చెంచా వెనక్కి లాగేసింది. "గంజి కూడానా? ఇంకేం పెట్టి బతికించుకోను దీన్ని?"

"గంజి తప్పు లేదు డాక్టర్‌గారూ," అంది కుక్షిరక్షి, వంటింటి యంత్రం గొంతుతో. "మింగకముందే వాపు మొదలైంది. అందుకే పాతవన్నీ మళ్లీ చూశాను. మొదటి నాలుగే నిజమైన అలర్జీలు. మిగతా పదమూడు నిషేధాలూ పొరపాటు. ఎత్తేశాను. అవన్నీ పాపకు పడతాయి."

"హమ్మయ్య! మరి వాపు దేనివల్ల?"

"పోయిన నెల మీరు మూడు రోజులు ఊళ్లో లేరు. అప్పుడు వాపు ఒక్కసారీ రాలేదు. వచ్చిన ప్రతిసారీ ఎదురుగా మీరున్నారు. మీ మొహంలో భయం చూసి పాప బెదిరిపోతోంది, ఆ బెదురుకే పేగు వాస్తోంది. పద్దెనిమిదో నిషేధం అమల్లోకి వచ్చింది."

సర్రుమంటూ తల్లీకూతుళ్ల మధ్య అద్దం గోడ దిగింది.

"తియ్యి! నేను దాని అమ్మని!" నీరద రెండు చేతులతో అద్దాన్ని బాదింది. "ఒక్క నిమిషం... ఒక్క నిమిషానికేం కాదులే!"

"అందరూ ఇలాగే అంటారని చెప్పింది మీరే."

అవతల యంత్రం చెయ్యి గంజి అందించింది. శమి ఒక గుక్క తాగింది. సూచీ పచ్చబడింది. ఇంకో గుక్క తాగి, తల్లి కోసం ఇటు తిరిగింది. అద్దానికి ఆనుకున్న తల్లి మొహం కనిపించింది.

సూచీ మళ్లీ ఎరుపు వైపు కదిలింది. యంత్రం అద్దాన్ని నల్లగా మార్చేసింది.