మొదటి బిందె

వైజాగ్‌లో నెల రోజులు ఉండొద్దామన్నది ఫర్హా ఆలోచన. హోటల్ వద్దు, బీచ్‌లో ఫొటోలు వద్దు, ఊళ్ళోవాళ్ళు ఎలా బతుకుతారో మనమూ అలాగే బతకాలి అంది. మా ముగ్గురివీ ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగాలే కాబట్టి కాదనడానికి నాకు సాకు దొరకలేదు. మధురవాడలో లిఫ్టూ, రోజంతా నీళ్ళూ ఉన్న ఫ్లాటు ఒకటి చూపించాను. శ్రీసత్య సరేనంది. ఫర్హా మాత్రం వన్‌టౌన్ సందులో, మెహరున్నీసా గారి మేడ మీద రెండు గదులు మాట్లాడేసి వచ్చింది.

నా చిరాకు అక్కడే మొదలైంది. పోర్టు పక్కనే ఇల్లు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి పొడి. నేను మీటింగులో నోరు తెరిచినప్పుడే ఓడ కూత. కిటికీ తీస్తే ఎండుచేపల వాసన, మూస్తే ఉక్కపోత. అన్నిటికంటే పెద్ద తలనొప్పి నీళ్ళు. సందు మొదట్లో ఒకటే కుళాయి. తెల్లవారుజామున ఐదున్నరకి వస్తే ముప్పావుగంటలో కట్టేస్తారు. బిందెలు ముందురోజు రాత్రే వరసలో పెట్టుకోవాలి.

ఈ బాధ మాకు కొత్త కాదు. గుంటూరు హాస్టల్లో ముగ్గురం నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. అక్కడా నీళ్ళకి వరసే. మా గదికి ఒక నియమం ఉండేది. ముందు లేచినవాళ్ళు పడుకున్నవాళ్ళ బకెట్ కూడా నింపాలి. నాలుగేళ్ళూ ముందు లేచింది ఫర్హాయే. "పడుకో, నీ బకెట్ కూడా నింపుతాలే" అనేది. నేను లేచేసరికి గుమ్మం ముందు నిండు బకెట్ ఉండేది. ఒక్కరోజైనా థాంక్స్ చెప్పిన గుర్తు లేదు నాకు.

వైజాగ్‌లో వంతులు వేసుకున్నాం. తొమ్మిదో రోజు నాది.

"నా వల్ల కాదు. ఇక్కడికి తెచ్చింది నువ్వేగా, నువ్వే పో" అని ముసుగు తన్నాను. ఫర్హాయే వెళ్ళింది.

ఆలస్యంగా తిరిగొచ్చింది. "అందరికంటే ముందున్న బిందె ఎవరిదోనే, మనిషి రాలేదు. పాపం నిద్రపోయి ఉంటుంది. నింపి పక్కన పెట్టా."

"ఊరందరి గోలా నీకెందుకే" అని మళ్ళీ పడుకున్నాను.

ఆ బిందె నేనూ చూశాను. నొక్కులు పడిన పాత సత్తు బిందె, మెడకి నీలం నైలాన్ తాడు. ఎప్పుడూ వరసలో మొదట అదే. నీళ్ళు వచ్చాక ఆడవాళ్ళు దాన్ని ముట్టుకోకుండా రెండో బిందె నుంచి పట్టేవాళ్ళు. ఎవరో బలిసినవాళ్ళ దౌర్జన్యం అనుకుని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఎదురింటి గంగాలమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే ముసలావిడ. మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఫర్హా స్నానానికి వెళ్ళింది.

"ఆ సత్తు బిందెలో నీళ్ళు పట్టినది ఎవులమ్మా మీలో?" అంది గొంతు తగ్గించి.

చెప్పాను.

"అది సీతాలు బిందె. దినామూ అదే ముందరొచ్చేది కుళాయి కాడికి. సచ్చిపోయి అయిదేళ్ళయింది. బిందె తీసేసినాం. తెల్లారేసరికి మళ్ళీ అక్కడే ఉంది. ఇంక దాని వంతు దానికి ఒగ్గేసినాం. నీళ్ళు మాత్రం ఎవులూ పట్టం. నింపితే మొయ్యడానికి మనిసి కావాలి కదా."

"ఆ నీళ్ళు పారబోసేయండి, సరిపోతుంది."

"ఏటి పారబొయ్యాల? బిందె కాళీగుంది."

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళోవాళ్ళలా బతకడమంటే వీళ్ళ దెయ్యాల్ని కూడా నెత్తినెత్తుకోవడమా అనుకున్నాను. కానీ వంటింట్లోకి వెళ్ళి చూస్తే, మధ్యాహ్నానికే అడుగంటిన మా నీళ్ళ డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది.

మర్నాటి నుంచి నీళ్ళకి ఫర్హా ఒక్కతే వెళ్ళింది. మమ్మల్ని లేపలేదు. వట్టి కాళ్ళతో వెళ్ళేది. బిందెని కుడిచంక పెట్టుకునే పిల్ల, ఎడమచంకకి మార్చింది. "నాను ఎల్తన్నాను" అనేది. ఇక్కడి యాస నేర్చుకుంటోందని శ్రీసత్య నవ్వింది. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత ఫోన్ ఛార్జింగ్ పెట్టడం మానేసింది. ఆఫీసు మీటింగులు మానేసింది. సాయంత్రమైతే మెట్ల మీద కూర్చుని, బిందెల వరస వైపే చూసేది.

నెల అయిపోయింది. ఇంకో వారం అంది. అదీ అయింది. ఇంకో వారం అంది.

"మీ అమ్మ నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది. పిల్లని ఇంటికి పంపమంటోంది. ఏం చెప్పమంటావే?" అని అరిచాను.

ఫర్హా తల తిప్పకుండా నెమ్మదిగా అంది. "నాను ఎల్లిపోతే మొదటి వంతు ఎవులు పడతారు?"

అప్పుడు నాకు భయమేసింది. దాన్ని ఎలాగైనా వాళ్ళమ్మ దగ్గరికి చేర్చాలి. ఆ రోజు నేను లేచి ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

మర్నాడు పొద్దున ఐదూ నలభైకి రైలు. నీళ్ళు వచ్చేలోపే సందు దాటెయ్యాలని నాలుగున్నరకే ఫర్హాని లేపాను. గొడవ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. చెయ్యి పట్టుకుంటే వెంట వచ్చింది. శ్రీసత్య బ్యాగులతో ముందు నడిచి, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళింది.

సందులో దీపం లేదు. మనుషులు ఇంకా లేవలేదు. గోడ వెంట బిందెలు. తడి సిమెంటు వాసన. నా అడుగుల చప్పుడు నాకు వినపడుతోంది. ఫర్హా అడుగులు వినపడటం లేదు...

కుళాయి దగ్గరికి వచ్చాం.

ఉస్సుమని గాలి. నీళ్ళు వచ్చే ముందు గొట్టంలోంచి తన్నుకొచ్చే గాలి. ఇంకా ఐదు కూడా కాలేదు.

నా చేతిలో చెయ్యి ఆగింది. చల్లబడింది. లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను...

"అలేఖ్యా." వెనక నుంచి గుసగుస. ఎన్నాళ్ళకో విన్న ఫర్హా సొంత గొంతు. "ఉండవే... నీ బకెట్ కూడా నింపుతా."

"ఏమీ నింపక్కర్లేదు. నడువు."

వెనక్కి తిరగలేదు. బలమంతా పెట్టి గుంజాను. ఈసారి చెయ్యి తేలిగ్గా వచ్చేసింది. ఆటో దాకా వదల్లేదు.

రైలెక్కాక ఫర్హా పై బెర్తు ఎక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. బాటిల్లో మిగిలిన నీళ్ళు ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీది తల పక్కన పెట్టాను. శ్రీసత్య అప్పటికే కునుకు తీస్తోంది. సాయంత్రానికల్లా ఫర్హాని వాళ్ళమ్మకి అప్పగించేస్తాను. నెల రోజుల తర్వాత మొదటిసారి నాకు హాయిగా అనిపించింది. కళ్ళు మూసుకున్నాను.

దువ్వాడలో రైలు ఆగినప్పుడు ఫోన్ మోగింది. మెహరున్నీసా గారి నంబరు, గొంతు మాత్రం గంగాలమ్మది.

"ఏటమ్మా, మీ ఫర్హా గుంటనొగ్గేసి ఎల్లిపోయారేటి? కుళాయి కాడ కూకుని ఏడుస్తంది. ఆ సత్తు బిందె ఎత్తుకుని ఒగ్గట్లేదు. నీ పేరే పిలుస్తంది."

ఫోన్లో కుళాయి చప్పుడు వినపడుతోంది. దాని వెనక నన్ను పిలిచే ఏడుపు గొంతు... నాకు తెలిసిన గొంతు.

రైలు కదిలింది. లేవబోతే తల పక్కన నా చేతికి తడి తగిలింది.

బాటిల్ నిండి ఉంది. అంచుదాకా. బయటంతా తడి. ఆ సందు కుళాయి నీళ్ళలో వచ్చే బ్లీచింగ్ వాసన.

పై బెర్తు మీద ఎవరో ఇటు తిరిగారు.