క్లైమాక్సుకు ముందే లేచే మనిషి

పెనం మీద జొన్నరొట్టె పొంగుతోంది. మహేశ్వరి మరో ముద్ద తీసుకుని పీట మీద తడుతూ, మొన్న చూసిన సినిమాను చీల్చి చెండాడుతోంది. కొత్త కోడలు రుచిత ఎదురుగా కూర్చుని, నవ్వాపుకుంటూ ఫోన్‌లో వీడియో తీస్తోంది.

"గా హీరో ఊరోళ్లందర్ని కొట్టిండు. కొట్టనీ, నాకేం ఫికర్ లేదు. గని గంత నెత్తురు పోయినోడు ఎంటనే పాటల ఎట్ల ఎగురుతడు బిడ్డా? మా ఆడబిడ్డకు ఆపరేషనయితే నెల దినాలు మంచం దిగలే. గీ డైరెక్టర్లు ఎన్నడన్న దవాఖాన మొఖం చూసిన్రో లేదో."

"మరి టైలరమ్మ సినిమా ఎట్లున్నది అత్తమ్మా?"

మహేశ్వరి చెయ్యి ఆగింది. ముఖం విప్పారింది. "అది మస్తున్నది. మొగుడు మిషన్ అమ్ముమంటడు. ఆమె అమ్మదు. ఇల్లిడ్సి పోయి బస్టాండ్ కాడ దుకాణం పెడ్తది. ఆఖరికి మొగుడే అంగీ గుడ్డ పట్టుకొని వచ్చి లైన్ల నిలవడ్తడు. 'కొలతలు నీకు ఎరుకే గద' అంటడు. ఆమె మొఖం కూడ చూడదు, గుడ్డ మాత్రం తీసుకుంటది. అగో, సినిమా అంటే గదీ."

వికారాబాద్ నుంచి కరణ్‌కోటకు కాపురానికి వచ్చిన నాటినుంచీ రుచితకు ఇదే సరదా. అత్తగారి మాటలు తీసి ఫోన్‌లో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో చూస్తున్నారు, అమ్మ బాగా చెప్పిందంటున్నారు. మహేశ్వరికి ఆ సంగతి విన్నప్పుడల్లా లోపల ఎక్కడో చల్లగా ఉంటుంది. ఇంట్లో తన మాట కూరలో కరివేపాకు. ఏ కూర వండాలన్నది తప్ప ఆమెను ఎవరూ ఏదీ అడిగింది లేదు.

ఆ చల్లదనం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మొగుడు వెంకటేశం చెప్పులు విడవకముందే గొంతు లేపాడు.

"రుచితా, గా వీడియో తీసెయ్ బిడ్డా. క్యాంటీన్‌ల మల్లేశ్వర్ అందరి ముంగట అడుగుతున్నడు, మీ ఇంటామె సినిమా చూసిందా, కల కన్నదా అని. ఇజ్జత్ పోయింది నాది."

మహేశ్వరి చేటలో కందిపప్పు ఏరుతోంది. తలెత్తి కోడలి వైపు చూసింది. రుచిత నసిగింది. "ఏమనుకోకున్రి అత్తమ్మా. నేనింకా ఆ సినిమా చూడలే. చూసినోళ్లు కింద రాస్తున్నరు. ఆఖరికి ఆమె మిషన్ అమ్మేస్తదంట. దుకాణం మూసి మొగుని ఇంటికే పోతదంట. అంగీ గుడ్డ తెచ్చుడు, కొలతలనుడు, గవేం లేవంట."

"ఏమో, నాకేమెరుక. ఆఖరుది నేను చూడలే," అంది మహేశ్వరి.

"చూడలేదా?" వెంకటేశం నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "మరి టికెట్ కొనుక్కొని నా పక్కకు కూసున్నదెవ్వరు?"

"నేనే. నువ్వు లేపేదాంక కూసున్న."

రుచితకు అర్థం కాలేదు. ఆ ఇంటి రివాజు తెలిస్తే కదా అర్థమయ్యేది.

పెళ్లయిన కొత్తలో తాండూరులో మ్యాట్నీ చూసి కరణ్‌కోట బస్సు అందుకోవాలంటే, ఇంకా కాసేపు సినిమా ఉండగానే లేవాల్సి వచ్చేది. సరే, అప్పుడు బస్సు. తర్వాత వెంకటేశం బండి కొన్నాడు. అలవాటు మాత్రం పోలేదు. అందరూ ఒక్కసారే బయటికొస్తే స్టాండులోంచి బండి తీయడం పరేషాన్ అంటాడు. అందరికన్నా ముందు రోడ్డెక్కితే ఏదో యుద్ధం గెలిచినట్టు మీసం దువ్వుకుంటాడు. పోనీ ఇంట్లో చూద్దామా అంటే, టీవీలో సినిమా చివరికొచ్చేసరికే మగవాళ్లందరికీ ఆకలవుతుంది.

సగం కథ కడుపులో పెట్టుకుంటే మహేశ్వరికి నిద్ర పట్టేది కాదు. బండి వెనక కూర్చుని, నాపరాతి బండల లారీల దుమ్ము కళ్లలో పడకుండా కొంగు కప్పుకుని, మిగిలిన కథ తనే అల్లుకునేది. అల్లిందేదో చూసిందేదో కొన్నాళ్లకు తనకే తెలిసేది కాదు. అందులో మోసం లేదు, గొప్ప చెప్పుకోవాలన్న ఆశా లేదు.

"గదా సంగతి," అన్నాడు వెంకటేశం, ఆఖరు తనే అల్లుకున్న సంగతి ఆమె చెప్పగా విని. అయ్యో అనాల్సింది పోయి ఇంకా మండిపడ్డాడు. "చూడకపోతే నోర్మూసుకొని ఉండాలె. ఊరంతటికీ చెప్పుడెందుకు? ఇగ సినిమా బంద్. నిన్ను తీస్కపోతే గదా గీ లొల్లి."

మహేశ్వరి చేట పక్కన పెట్టి లేచింది.

"బంద్ చెయ్యి. నీ చేతుల గదొక్కటే ఉన్నది గద. పోలీసోడు దొంగను పట్టుకునే టైముకే నువ్వు నా రెక్క పట్టుకుంటవ్. తల్లీ బిడ్డా కలిసే టైముకే నీకు బండి యాదికొస్తది. నా పెండ్లయినంక ఒక్క సినిమాకన్న లైట్లు ఏసుడు చూసిన్నా నేను?"

"సినిమా కోసం గింత..."

"సినిమా ఒక్కటేనా? పెండ్లికి పోతే అప్పగింతలకు ముందే లేస్తవ్. మా తమ్ముని గృహప్రవేశానికి పోతే పాలు పొంగకముందే లేస్తవ్." ఆమె ఆగలేదు. "వికారాబాద్ దవాఖానల మా అమ్మ పక్కపొంటి కూసున్న. అమ్మ నా చెయ్యి పట్టుకొని ఏదో చెప్పవోయింది. నువ్వు తలుపు కాడ నిలబడి రైలుకు టైమైతుందన్నవ్. పొద్దుగాల్ల డ్యూటీ ఉన్నదన్నవ్. తెల్లారేసరికి అమ్మ లేదు. ఆమె ఏం చెప్పవోయిందో కూడ నేనే అల్లుకున్న. నాకు ఏ ఆఖరు దక్కనిచ్చినవ్ నువ్వు?"

ఆమె తల్లి పోయి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఈ మాట ఒక్కసారీ బయటికి రాలేదు. వెంకటేశం ఎవరినీ చూడకుండా అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. రుచిత ఆ వీడియో తీసేస్తానంటే మహేశ్వరి వద్దంది. "ఉండనీ. నవ్వెటోళ్లు నవ్వుకోని."

తర్వాతి రోజుల్లో మొగుడూ పెళ్లాల మధ్య అన్నానికి రా, నీళ్లు పోసుకో అనేంత వరకే మాటలు. ఆదివారం భోజనాలయ్యాక వెంకటేశం ఉతికిన అంగీ వేసుకుని వచ్చి, "తయారు కా. మ్యాట్నీకి పోదం. గదే సినిమా," అన్నాడు.

మహేశ్వరికి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి మింగినదంతా ఒక్క టికెట్టుతో తీరుతుందా అనుకుంది. రానని చెప్పాలనే ఉంది. అయినా వెళ్లింది. టైలరమ్మ ఏం చేసిందో తన కళ్లతో చూడాలన్న పంతం అంతకన్నా పెద్దది.

టాకీసులో మొదటి సగం ఎలా గడిచిందో గాని, చివరికొచ్చేసరికి వెంకటేశం కుదురుగా కూర్చోలేకపోయాడు. బండి తాళం చెవి జేబులోంచి తీశాడు, మళ్లీ పెట్టాడు. ముందు వరసలో ఒకరిద్దరు లేవగానే అతని మోకాళ్లు వాటంతటవే లేచాయి. మహేశ్వరి చూస్తూనే ఉంది. ఈసారి లేస్తే ఒక్కడివే పో అందామని నోటిదాకా తెచ్చుకుంది. అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

తెర మీద ఆ టైలరమ్మ మిషన్ అమ్మింది. దుకాణం షట్టర్ దించింది. మొగుడి వెనకాలే నడుచుకుంటూ పోయింది. పేర్లు పడ్డాయి. లైట్లు వేశారు. జనం ముక్కులు చీదుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పోయారు.

"గిదేం ఆఖరు?" అన్నాడు వెంకటేశం, నిజంగానే కోపంగా. "అంత కష్టపడి పెట్టిన దుకాణం గిట్లెట్ల మూస్తది? వాడు ఒక్క మాటన్న తప్పయిందనలేదు. నువ్వు చెప్పిందే మంచిగున్నది. అంగీ గుడ్డ పట్టుకొని లైన్ల నిలవడుడు, గదే కరెక్టు."

మహేశ్వరికి ఎంత ఆపుకున్నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అతను ఖాళీ తెరనే చూస్తూ, చాలా మెల్లగా అడిగాడు.

"మీ అమ్మ... ఆ దినం ఏం చెప్పిందని అల్లుకున్నవ్?"

మహేశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడిగిన మనిషి లేడు.

"'పో బిడ్డా, రైలు పోతది, అల్లునికి పొద్దుగాల్ల డ్యూటీ ఉన్నది' అన్నదనుకున్న," అంది. "అమ్మే పొమ్మన్నదనుకున్న. గట్లనుకోకపోతే నీతోని సంసారం చేసుడు నాతోని అయ్యేటిది కాదు."

వెంకటేశం ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. ఫ్యాక్టరీలో ఇనుము లాంటి మనిషని పేరున్నవాడు రెండు చేతులతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆమె ఉండుమనే అన్నదేమో మహేశ్వరీ. నిన్ను ఉండుమనే అన్నదేమో," అన్నాడు. మహేశ్వరి అతని భుజం మీద చెయ్యి వేసింది.

హాలు ఊడ్చడానికి వచ్చినాయన వరసలు దాటుకుంటూ వాళ్ల దాకా వచ్చి, ఆట అయిపోయింది, లేవున్రి అన్నాడు. వెంకటేశం తల అడ్డంగా ఊపాడు.

"జర ఆగు భాయ్," అన్నాడు. "మా ఇంటామె ఇంకా లేవలే."