మెరిసిన డాలు, బుట్టెడు ఉల్లిపాయలు

ఇసుకలోకి లాగిన ఓడ నీడలో నిలబడి నికోఫోన్ పని అప్పజెప్పాడు. ఆ ఏథెన్సు ఓడకు కెప్టెన్ ఆయనే, అవతలి ఒడ్డుకు గూఢచారుల్ని పంపేదీ ఆయనే.

"నాలుగు రోజుల్నించి జలసంధి దాటి వెళ్ళి యుద్ధానికి రమ్మని పిలుస్తున్నాం. స్పార్టావాళ్ళు ఓడలెక్కి కూర్చుంటున్నారు గానీ కదలడం లేదు. ఎందుకో కనుక్కో. మధ్యాహ్నానికల్లా ఇక్కడుండాలి."

"దొరికిపోతే?"

"నువ్వెవరో నాకు తెలీదు."

ఫెరెక్లీస్ నవ్వాడు. ఇరవయ్యేడేళ్ళ యుద్ధంలో అతనికిది పదకొండో వేషం. ఈసారి ఉల్లిపాయలమ్మేవాడు. వేషమన్నాక సరుకుండాలి గదా! ఓడలో మిగిలిన ఒక్క ఉల్లి బుట్టా భుజానికెత్తుకున్నాడు.

పై వరుసలో తెడ్డు వేసే తమ్ముడు ఖరీనోస్ అది చూసి మొత్తుకున్నాడు. "అన్నా, ఆ బుట్ట నువ్వు పట్టుకుపోతే నేనేం తిని చావాలి?"

"సెస్టోస్ సంతకెళ్ళి తెచ్చుకో. కాళ్ళున్నాయిగా."

ఇద్దరన్నలు ఈ యుద్ధంలోనే పోయారు. బయల్దేరేటప్పుడు అమ్మ ఫెరెక్లీస్ చెయ్యి పట్టుకుని, చిన్నవాణ్ణి మాత్రం వెనక్కి తీసుకురా అంది. ఇంకేమీ అడగలేదు.

మనవాళ్ళ తెలివి చూడండి. నూట ఎనభై ఓడలు తెచ్చి ఊరూ వాడా లేని ఒట్టి ఇసుక మీద పెట్టారు. రోజూ పొద్దున్నే వెళ్ళి తొడగొట్టడం, తిరిగొచ్చి ఓడలు దిగడం, వేలమంది పిండికీ ఉల్లికీ సెస్టోస్ దాకా నడవడం. ఓడల్లో పిట్ట మనిషి ఉండడు. ఇది తప్పని అందరికీ తెలుసు. మార్చినవాడు మాత్రం లేడు.

చేపల పడవలో అవతలి ఒడ్డున స్పార్టావాళ్ళు దిగిన లాంప్సకోస్ చేరి, ఫెరెక్లీస్ రేవు పక్కన బుట్ట దించాడు. కాసేపటికి మెలిత్త వచ్చింది. ఆమె వేణువు లేందే స్పార్టా అధికారుల విందు జరగదు. ఆమె చూస్తే చాలు, మాటల్లో పొదుపరులైన ఆ మొండివాళ్ళకు కూడా నోళ్ళు తెరుచుకునేవి. రెండేళ్ళుగా మనకు కబుర్లు చేరవేసేది ఆమే.

"మెగారా ఉల్లి ఉందా?"

"మెగారాలో పంట పోయింది."

గుర్తుమాట కుదిరింది. ఆమె వంగి ఉల్లిపాయలు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. "ఈ రోజే. మీవాళ్ళు వెనక్కి మళ్ళగానే వేగు ఓడ ఒకటి వెంట వస్తుంది. తిండికోసం చెదిరిపోయారని చూసుకుని, నడినీళ్ళలో ఇత్తడి డాలు పైకెత్తుతుంది. అది మెరిసిందంటే ఇక్కడి ఓడలన్నీ ఒక్కసారే మీద పడతాయి."

"నమ్మమంటావా?"

"అబద్ధమైతే నీ ఉల్లిపాయలు నీకిచ్చేస్తాలేవయ్యా. ఒకటి మాత్రం విను. తెడ్లవాళ్ళకు చెబితే గోలైపోతుంది. నేరుగా సేనాపతులకే చెప్పు."

అతను తిరిగొచ్చేసరికి మనవాళ్ళు అప్పుడే ఓడలు దిగేశారు. నికోఫోన్‌కు సంగతి చెప్పి, తమ్ముడేడని అడిగాడు.

"ఉల్లిపాయల కోసం వెళ్ళాడు."

ఫెరెక్లీస్ సెస్టోస్ దారివైపు చూశాడు. ఆ బుట్ట తనే తీసుకుపోయాడు.

నికోఫోన్ దొరికినవాళ్ళను దొరికినట్టు తన ఓడ ఎక్కిస్తుంటే, ఫెరెక్లీస్ సేనాపతుల డేరాకు పరిగెత్తాడు. మన నౌకాదళానికి ఆరుగురు సేనాపతులు. రోజుకొకరి వంతు. ఆ రోజు వంతున్న పెద్దమనిషి అంతా శ్రద్ధగా విన్నాడు. నమ్మాడు కూడా. కొమ్ము ఊదించి అందర్నీ ఓడలెక్కమనండని ఫెరెక్లీస్ బతిమాలాడు.

"నా ఒక్కడి మాట మీదా? పోయినేడు ఏం జరిగిందో మర్చిపోయావా? తుపానులో మునిగినవాళ్ళను తీయలేదని, గెలిచొచ్చిన సేనాపతులకే మన ఊరు విషం తాగించింది. తీరా స్పార్టావాళ్ళు రాకపోతే, ఆకలిగా ఉన్నవాళ్ళను ఉత్తినే ఓడలెక్కించానని నా మీద పెడతారు. ఆరుగురం కలిసి ఓటేస్తాం. తప్పయితే ఆరుగురిదీ."

కబురు వెళ్ళింది. ఒక్కొక్కరే తమ ఓడలు వదిలి డేరాకు వచ్చారు. ఒకాయన సంతలో చేపలు బేరమాడుతున్నాడట, ఆయన కోసం ఆగారు. ఆయన వచ్చాక ఎవరు ముందు మాట్లాడాలన్నది తేలడానికి మరికాస్త పట్టింది.

ఆ ఆరు తలలూ ఒకే గుడ్డ కింద చూశాక ఫెరెక్లీస్‌కు అసలు సంగతి తెలిసొచ్చింది. మెలిత్త అబద్ధమాడలేదు. నిజం చెప్పమనే ఆమెను పంపారు. నిజం తెలిస్తే ఏథెన్సువాళ్ళు ఏం చేస్తారో స్పార్టాకు బాగా తెలుసు. మీటింగు పెడతారు. ఆజ్ఞ ఇవ్వగలిగిన ఆరుగురూ ఇప్పుడు ఓడల మీద లేరు, ఆ కబురు మోసుకొచ్చిన పుణ్యం తనదే. ఏడుపొచ్చింది, సిగ్గేసింది.

చేతులెత్తండి అన్నారు. ఒకటి లేచింది. రెండు. డేరా సందులోంచి అతనికి నడినీళ్ళలో చిన్న మెరుపు కనిపించింది.

పరిగెత్తాడు. నికోఫోన్ ఓడలో మూడు వరుసల్లో రెండే నిండాయి. నీళ్ళలోకి నెట్టేశారు. పైన ఖరీనోస్ చోటు ఖాళీగా ఉంది, వాడి తోలు దిండు అక్కడే పడుంది. ఫెరెక్లీస్ దాని మీద కూర్చుని తమ్ముడి తెడ్డు అందుకున్నాడు.

తెడ్డు వేసేవాడి ముఖం ఎప్పుడూ వదిలొచ్చిన ఒడ్డు వైపే ఉంటుంది. ఖాళీ ఓడల్ని స్పార్టావాళ్ళు తాళ్ళు కట్టి లాక్కుపోవడం అంతా కనిపించింది. సెస్టోస్ దారిలో బుట్టలతో వస్తున్న మనుషులు ఆగిపోయి నిలబడ్డారు. అంత దూరాన్నించి వాళ్ళలో తమ్ముడెవడో పోల్చుకోలేకపోయాడు. చూపు మరల్చుకోలేక తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

ఒడ్డు సన్నటి గీతయ్యాక నికోఫోన్ వచ్చి అడిగాడు. "ఇంతకీ ఓటేమైంది?"

"నేను బయటపడేసరికి నాలుగో చెయ్యి లేస్తోంది," అన్నాడు ఫెరెక్లీస్. "ఓడలెక్కాలని నెగ్గింది."