నాలుగో స్క్రూ

అతను మొదటిసారి ఆ దుకాణంలోకి వచ్చిన రోజున వాన కుండపోతగా కురుస్తోంది. రెయిన్‌కోటును కంప్యూటర్‌కు తొడిగి, తాను మాత్రం నిలువునా తడిసి వచ్చాడు. ఆ వాలకం చూసి కౌంటరు పక్కన నిలబడ్డ అమ్మాయి పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. అతను నోరు విప్పాక ఆపుకోవలసిన నవ్వే మిగలలేదు.

"ఇది మీరు బిగించి ఇచ్చిన మెషీనే. పని మధ్యలో టప్పున ఆరిపోతోంది. ఇలాగేనా బిగించేది?"

"బిగించింది నేనే," అన్నది ఆమె. "మూత విప్పారా?"

"ముట్టుకోనైనా లేదు."

ఆ దుకాణం ఆమె బాబాయిది. ముందు భాగంలో కౌంటరు, అక్కడ పిన్ని ఏలుబడి. వెనక గాజు తెర, దాని అవతల దీపం కింద పొడవాటి బల్ల. విడిభాగాలను కూర్చి కంప్యూటర్‌గా నిలబెట్టేది ఆ బల్ల మీదే. చదువు ముగిసినది మొదలు ఆమె పని నేర్చుకున్నది అక్కడే. తన చూపు మందగిస్తోందని, ఇకమీదట ఆ బల్ల నీదేనని బాబాయి ఈమధ్యనే మాట ఇచ్చాడు. ఆమెకు లోకంలో అంతకంటే కావలసింది ఏదీ లేదు; కనీసం ఆ వాన రోజు వరకు లేదు.

బాబాయి మూత విప్పి చూశాడు. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగేసే కూలర్ ఉంటుంది. దాన్ని నాలుగు మూలలా నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. వాటిలో ఒకటి బాబాయి వేలి కొసకే గిర్రున తిరిగింది. కేకలు వేసే మనిషి కాడాయన. వేసి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది.

"అమ్మడూ, కొన్నాళ్లు కౌంటరు దగ్గర కూర్చో."

"నేను బిగించే తీరు ఇది కాదు, బాబాయ్."

"మరి ఎవరు బిగించినట్టు? ఆయన ముట్టుకోనే లేదంటున్నారు కదా."

అందరూ అతని వైపు చూశారు. అతను తన తడి బూట్ల వైపు చూసుకున్నాడు.

ఒక మనిషి మౌనం ఇంకొక మనిషి చేతిలోని పనిని లాగేయగలదు. ఆ సాయంత్రమే బాబాయి కళ్లద్దాలు సవరించుకుంటూ తానే బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె కౌంటరు దగ్గర నిలబడి, వచ్చేవారి ఫిర్యాదులు వింటూ, మధ్యమధ్య గాజు తెరలోంచి ఆ దీపం వైపు చూసేది. తన ఇంటిని కిటికీలోంచి చూసుకుంటున్నట్టుగా ఉండేది ఆమెకు.

కొద్ది రోజులకే అతను మళ్లీ వచ్చాడు. స్క్రూ బిగించినా మెషీన్ ఆగిపోతూనే ఉందట. ఈసారి గొంతు తగ్గింది. నిజంలో సగం బయటికి వచ్చింది. అతను కదిలే బొమ్మలు చేసేవాడు. ఒక కొంగ నీళ్లలోంచి నడిచివెళ్లే బొమ్మను తయారుచేస్తున్నాడు. అందులో ప్రతి ఈకనూ, ప్రతి అలనూ ప్రాసెసర్ లెక్కకట్టాలి గనుక, కొంగ ఒక్క అడుగు వేసేసరికి మెషీన్‌కు పూట గడిచిపోతోంది. తయారుచేసినవారు పెట్టిన హద్దును దాటించి ప్రాసెసర్‌ను పరుగెత్తించవచ్చని, దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారని ఎక్కడో చదివాడు. చదివీ చదవగానే వేగం పెంచాడు, వోల్టేజి పెంచాడు, మెమరీ వేగమూ పెంచాడు; హోరు భరించలేక ఫ్యాన్‌ను తగ్గించాడు. అన్నీ ఒక్క విడతలోనే.

"అన్నీ ఒకేసారి ఎందుకు మార్చారు?"

"ఒక్కొక్కటే మారిస్తే ఆలస్యమవుతుందని."

"ఇప్పుడు త్వరగా అయిందా?"

అతను తల గోక్కున్నాడు. ఇంట్లో తనను తొందరరాయుడు అంటారని చెప్పుకున్నాడు. పేరు పెట్టినవారికి మనుషులను చదవడం వచ్చునని ఆమె అన్నది.

"జబ్బేదో తెలియకుండా మందులన్నీ కలిపి మింగారు. ఇక ఏ మందు వికటించిందో ఎవరు చెప్పగలరు?"

ఇలాంటి సాహసాలకు దుకాణం పూచీ పడదని బాబాయి తేల్చేశాడు. కౌంటరు చివర ఖాళీ వేళల్లో ఏం చేసుకుంటారో వారి ఇష్టం, తన బల్ల మీదికి మాత్రం రానివ్వనన్నాడు. ఆ విధంగా ఆ మెషీన్ కౌంటరు చివరికి చేరింది. దానితో పాటే ఒక స్టూలు, స్టూలు మీద అతను.

ఆమె పద్ధతి ఆమెది. మార్చినవన్నీ మొదటి స్థితికి తెచ్చింది. తరువాత వేగం ఒక్కటే, ఒక్క మెట్టు పెంచింది. ప్రాసెసర్‌కు ఊపిరాడనంత పని అప్పగించే పరీక్ష ఒకటి ఉంటుంది. అది పెట్టి, వేడి ఎంత పెరుగుతుందో చూస్తూ కూర్చోమన్నది. మొత్తం ఒక్కసారిగా చీకటైతే నేరం వేడిది. తెర నీలమై ఆగితే చాలామటుకు ఆ వేగానికి కరెంటు చాలనట్టు. మెషీన్ నడుస్తూనే లెక్కలు తప్పుతుంటే మెమరీని అనుమానించాలి. నిలబడితే ఇంకొక మెట్టు, పడితే ఒక మెట్టు వెనక్కి.

"ఒకటి మార్చి ఆగి చూడాలి. అది తన సంగతి చెప్పుకునేదాకా రెండోదాన్ని ముట్టకూడదు," అన్నది.

ఆగి చూడడమంటే అతనికి శిక్ష. మొదటి రోజు స్టూలు మీద నిమిషం కుదురుగా కూర్చోలేదు. మర్నాటికి కాస్త కుదురుకున్నాడు. ఆ తరువాత పరీక్ష అయిపోయినా లేవడం మరిచిపోసాగాడు. వీధి వైపు అద్దం మీద పట్టిన వాన ఆవిరిలో వేలితో కొంగను గీసేవాడు. కొంగ మోకాలు వెనక్కి వంగుతుందని అందరూ పొరపడతారని, అది నిజానికి మడమ అని, ఆ సంగతి తెలిశాక తన బొమ్మ మొత్తం తిరిగి గీయవలసి వచ్చిందని చెప్పాడు. తిరిగి గీశారా అని ఆమె అడిగితే గీశానన్నాడు, చాలా మామూలుగా. ఆ మామూలుతనం ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పిన్ని కంటికి ఇవేవీ ఆనకపోలేదు. ఆ అబ్బాయి మెషీన్ ముందు కొంగజపం చేస్తున్నాడని, చేప మాత్రం మెషీన్‌లో లేదని టీ కప్పులు తీస్తూ గోడతో చెప్పింది. గోడ ఏమీ అనలేదు గాని అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

అతను రాని రోజున పొద్దు గడిచేది కాదు. గాజుకు అటు బాబాయి కూర్చున్నా తాను లేని బల్ల, ఇటు అతను లేని స్టూలు, రెండూ ఆమెకు ఖాళీగానే కనిపించేవి. ఏ ఖాళీ ఎక్కువ గుచ్చుతోందో తేల్చుకోలేకపోయేది. అతని లోపల కూడా ఏదో ఉన్నదని ఆమె పసిగట్టింది. ఎన్నోసార్లు "మీతో ఒక మాట..." అని మొదలుపెట్టేవాడు. ఫ్యాన్ హోరెత్తేది, ఆ వంకతో మాట మింగి వేడి ఎంతకు చేరిందని అడిగేవాడు.

చివరికి దొంగ దొరికింది. ప్రాసెసర్ తప్పేమీ లేదు. అతను అత్యాశకు పోయి పరుగెత్తించిన మెమరీయే అసలు నేరస్థురాలు. దాన్ని దాని నడకన నడవనిచ్చి, ప్రాసెసర్‌ను మాత్రం ఓపికగా మెట్టుమెట్టుగా ఎక్కిస్తే, పరీక్షలన్నిటికీ తొణక్కుండా నిలబడింది. ఇన్నాళ్లుగా ఆ ప్రాసెసర్ మోసిన నింద ఎవరిదో తెలిసినప్పుడు ఆమె చూపు ఎందుకో గాజు అవతలి బల్ల మీదికి పోయింది.

వేడి ఇంకొంచెం తగ్గితే మేలనుకుని, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని చేరవేసే పేస్టు కొత్తగా వేసింది. కూలర్‌ను స్వయంగా బిగించి నేర్చుకోమని స్క్రూడ్రైవర్ అతని చేతికిచ్చింది.

అతను మొదటి స్క్రూను ఇక తిరగనంత వరకు బిగించాడు. దాని పక్కదాన్నీ అంతే. ఆ పక్కదాన్నీ అంతే. అప్పటికి కూలర్ ఒక వైపుకు ఒరిగింది. నాలుగో మూల పైకి లేచింది. అక్కడ స్క్రూ మర అందక ఊరికే తిరగసాగింది.

తలెత్తకుండానే అతను విసుక్కున్నాడు. "ఈ నాలుగోది ఎప్పుడూ ఇంతే."

ఆమె వంగి అతని ముఖంలోకి చూసింది. "ఎప్పుడూనా?"

అతని చేయి ఆగిపోయింది.

ఆమె స్క్రూడ్రైవర్ తీసుకున్నది. నాలుగూ వదులుచేసి, ఒక మూల కొంచెం, దాని ఎదురు మూల కొంచెం, మళ్లీ అటు, మళ్లీ ఇటు, సమంగా బిగించుకుంటూ వచ్చింది. మూత పెట్టి మెషీన్‌ను అతని వైపు జరిపింది.

"బాగైంది. ఇక మీరు రావలసిన పనిలేదు."

"నేను చెబుదామనే..."

"నాకు చెప్పకండి. నాకు తెలిసిపోయింది. తెలియనిది ఆ గాజు అవతల కూర్చున్నాయనకి."

"మీరే చెప్పేయవచ్చు కదా. ఒప్పుకుంటాను."

"ఆ రోజు చెప్పాను, నిలబడలేదు. నేను ఎన్నిసార్లు చెప్పినా అది నన్ను నేను వెనకేసుకు రావడమే అవుతుంది. మీ అంతట మీరు చెప్పాలి."

అతను మెషీన్ ఎత్తుకుని వెళ్లిపోయాడు. రెయిన్‌కోటు మరిచిపోయాడు.

వానలు వెనకబట్టాయి. అతను రాలేదు. గుమ్మంలో నీడ పడితే ఆమె గుండె గబుక్కున ముందుకు వెళ్లి, వెలవెలబోయి తిరిగి వచ్చేది. మేకుకు వేలాడుతున్న రెయిన్‌కోటును తీసి ఎక్కడైనా పెట్టమని పిన్ని చెబితే, తీస్తాననేది, తీసేది కాదు. ఎంత ఇష్టపడినా ఒక విషయంలో మాత్రం ఆమె మెత్తబడలేదు. అన్యాయం చేసిన చేయి ప్రియమైనదైతే అన్యాయం చిన్నదైపోదు. ఆ విషయంలో అతనికి తగ్గింపు ఇవ్వదలచుకోలేదు. రావాలి; చెప్పాలి; అప్పటి వరకు ఈ బాధ పడవలసిందే. ఇలా తీర్మానించుకున్న మనిషి, అద్దం తుడిచేటప్పుడు కొంగను గీసిన చోటు మాత్రం వదిలేసేది. అక్కడ ఇప్పుడు ఏ గీతా లేదన్న సంగతి ఆమెకు తెలియక కాదు.

ఒక మధ్యాహ్నం దుకాణం కిక్కిరిసి ఉన్న వేళ అతను వచ్చాడు. అంతమందిని దాటుకుని, మెషీన్‌ను కౌంటరు మీద పెట్టి, బాబాయిని పిలవమన్నాడు. ఆయన గాజు తలుపు తెరుచుకుని వచ్చేవరకు ఆమె వైపు చూడలేదు.

"ఈ మెషీన్ మూత విప్పింది నేనండి. వేడి తగ్గించాలని కూలర్ ఊడదీసి, తిరిగి పెట్టడం చేతకాక నాలుగో స్క్రూను వదులుగా వదిలేసిందీ నేనే. వారంటీ పోతుందని భయపడి ముట్టుకోలేదని అబద్ధం చెప్పాను. మీ అమ్మాయి పనిలో ఏ లోపమూ లేదు."

బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లు ఎందుకు పట్టింది, బాబూ?"

అతను అప్పుడు ఆమె వైపు చూశాడు. "మొదట భయం. తరువాత... చెబితే ఆమె ఆ గాజు వెనక్కి వెళ్లిపోతుంది. ఇక నాకు కనబడదని."

ఆమె ఒళ్లంతా ఒక్కసారి వెచ్చబడింది. ఆ వెంటనే భగ్గుమన్నది.

"అంటే నా బల్లను తాకట్టు పెట్టి నాతో కబుర్లు చెప్పారన్నమాట."

"అవును. విడిపించడానికే వచ్చాను."

బాబాయి వెనక్కి వెళ్లి, బల్ల ముందు స్టూలును ఖాళీగా జరిపి, ఆ జనం అందరూ వినేలా పిలిచాడు. "అమ్మడూ, ఆ రోజు నీ మాట నమ్మవలసింది. తప్పు నాది. వచ్చి కూర్చో."

ఆమె వెళ్లి కూర్చుంది. దీపం వెలుగు చేతుల మీద పడింది. ఇవతల బాబాయి అతనితో వారంటీ మాత్రం పోయినట్టేనని, రూలు రూలేనని నెమ్మదిగా చెప్పి, మెషీన్‌ను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె మూత తీసి చూసింది. కూలర్ ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టినట్టుంది, పేస్టు కొత్తది. నాలుగు స్క్రూలనూ వేలితో తాకి చూసింది. ఒక్కటీ కదలలేదు. ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, ఎవరూ చూడనప్పుడు తనంతట తానే ఓపికగా బిగించుకున్నాడు.

తలెత్తితే, గాజు అవతల రెయిన్‌కోటు చేత పట్టుకుని అతను నిలబడి ఉన్నాడు.

లోపలికి వెళ్లమని పిన్ని అతన్ని మోచేత్తో పొడిచింది. కస్టమర్లు లోపలికి రాకూడదని బాబాయి అడ్డుపడ్డాడు.

"వారంటీ లేదని మీరే అన్నారుగా," అన్నది పిన్ని. "ఇంకెక్కడి కస్టమరు?"

బాబాయి జవాబు కోసం వెతుక్కునేలోగా అతను బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"మీతో ఒక మాట చెప్పాలి. ఈసారి మింగను."

"ఒక్కటే చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం." ఊపిరి తీసుకోలేదు. "మా అమ్మను తీసుకుని వస్తాను, మీ వాళ్లతో మాట్లాడిస్తాను, ఇక్కడికి దగ్గరలోనే ఇల్లు చూస్తాను, పెళ్లికి..."

"తొందరరాయుడు గారూ," అన్నది ఆమె. నవ్వు ఆపుకోవాలని ఈసారి ప్రయత్నించలేదు. "ఒకసారికి ఒకటే. మొదటిదానికి నా సంగతేమిటో చూడనివ్వండి."

"ఎంతసేపు చూడాలి?"

ఆమె బల్ల కింద ఉన్న రెండో స్టూలును కాలితో బయటికి లాగి, దీపాన్ని కొంచెం అటు జరిపింది.

"కూర్చోండి," అన్నది.