ఫోన్లతో ముంచెత్తిన లీడరు

ప్రాసిక్యూటర్ ఆఫీసు మెడలు వంచుతానని అక్కకు మాటిచ్చిన వీరుడు, ఆ ఆఫీసు గుమ్మం ముందు ఆగి జుట్టు దువ్వుకున్నాడు. ఉద్యమకారుడికి జుట్టు చెదిరి ఉంటేనే అందమేమోనన్న అనుమానం వచ్చి, మళ్ళీ చెదరగొట్టుకుని లోపలికి నడిచాడు.

ఇంట్లో అతన్ని లీడరు అంటారు. మెచ్చుకుని పెట్టిన పేరేం కాదు. పోస్టర్లు డిజైన్ చేసే ఉద్యోగం, ఆన్‌లైన్‌లో ఆవేశపడే అలవాటు తప్ప లీడరు లక్షణాలేవీ అతనిలో లేవు. కానీ ఈసారి కారణం గట్టిది. బట్టలు కుట్టి ఇల్లు నడిపే అక్కను, స్కూటర్ మీద వస్తుంటే ఒక పెద్దమనిషి కారు గుద్దేసింది. కుడి చెయ్యి విరిగింది. పైగా తప్పంతా స్కూటర్‌దేనని ఆ పెద్దమనిషి ఊరంతా చెప్పుకుంటున్నాడు. చెయ్యి విరిగిన దానికన్నా ఆ మాటే అక్కను ఎక్కువ కుంగదీసింది. కోర్టు తేల్చాలి. కేసేమో ప్రాసిక్యూటర్ ఆఫీసులో చతికిలబడింది.

అందుకే లీడరు ‘ఫైలు కదలాలి’ అని ఒక పేజీ పెట్టాడు. పిడికిలి బిగించిన తన ఫొటో, కింద ఆఫీసు నంబరు, దాని కింద “ఫోన్లతో ముంచెత్తండి!” అని పిలుపు. ఫోన్ ఎత్తగానే ఏమనాలో కూడా తనే రాసిచ్చాడు. జనం నిజంగానే ముంచెత్తారు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే.

లోపల ఒకమ్మాయి ల్యాండ్‌లైన్ ముందు తల పట్టుకుని కూర్చుంది.

“ప్రాసిక్యూటర్‌తో మాట్లాడాలి. రిసెప్షనిస్టుతో నాకు పనిలేదు,” అన్నాడు లీడరు గొంతు పెంచి.

“మాకుంది. మీ ఫోన్లు భరించలేక ఆవిడ సెలవు పెట్టేసింది. నేను అసిస్టెంట్ ప్రాసిక్యూటర్ని. మీ అక్కగారి కేసు నా దగ్గరే ఉంది. కూర్చోండి, పిడికిలి గారూ.”

లీడరు కూర్చున్నాడు. కోపంలో ఉన్న కళ్ళు అంత బాగుండటం అన్యాయమని అతనికి అనిపించింది. ఆ అన్యాయం మీద మాత్రం పేజీ పెట్టాలనిపించలేదు.

“మరి ఫైలెందుకు కదలట్లేదు మేడమ్?”

“చూసినవాళ్ళు లేక. సాక్షి లేకుండా వెళ్తే కోర్టు కొట్టేస్తుంది. ఒకసారి కొట్టేశాక మళ్ళీ లేపలేం. ఆ రోడ్డున వెళ్ళిన బస్సులో కండక్టరు చూశాడని విన్నాను. ఎవరో తెలీదు. బస్సు డిపో నోటీసు బోర్డు మీద ఈ నంబరు పెట్టించాను. ఆయన ఫోన్ చెయ్యాలి. మీవాళ్ళు చెయ్యనిస్తే కదా!”

ఇంతలో ఫోన్ మోగింది. ఆమె రిసీవరు అతని చేతికిచ్చింది.

“మీ అభిమానులే. మీరే మాట్లాడుకోండి. నేను ఫైళ్ళు చదువుకుంటాను.”

“మీకసలు మనసుందా? మీ ఇంట్లో అక్కలు లేరా?” అని అరిచింది ఫోను. ఆ వాక్యం కన్నీళ్ళతో రాసింది తనే. ఇప్పుడు చెవిలో పడుతుంటే కర్ణకఠోరంగా ఉంది.

“ఉందండీ, ఒక అక్క,” అన్నాడు లీడరు నీరసంగా.

ఆమె ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. దాన్ని మళ్ళీ చూడాలని లీడరు రెచ్చిపోయాడు. ఎవరు ఫోన్ చేసినా, “మీ ఆవేదన నమోదైంది, ధన్యవాదాలు!” అని రేడియో అనౌన్సర్‌లా చెప్పి, ఆమె వైపు చూస్తూ టక్కున పెట్టేయడం మొదలుపెట్టాడు. ఆమె నవ్వుతోంది. అతనికి ప్రపంచం గుర్తులేదు.

“బాబూ, నేను బస్సు కండక్టర్నండీ, ఆ స్కూటరమ్మాయి...”

“మీ ఆవేదన నమోదైంది, ధన్యవాదాలు!”

టక్.

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇప్పుడు ఫోన్లో ఎవరో కండక్టర్నని అన్నారా?”

లీడరు గబుక్కున రిసీవరు మళ్ళీ ఎత్తాడు. అది పాత ఫోను, ఏ నంబరునుంచి చేశారో చూపించదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. “మీ అక్కగారికేం చెప్తారు?” అని మాత్రం అడిగింది.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాడు. “కారు గుద్దినప్పుడు కూడా ఇంత నొప్పి లేదురా,” అని ఆమె అటు తిరిగి పడుకుంది.

దయచేసి ఎవరూ ఆఫీసుకు ఫోన్ చెయ్యకండని లీడరు పోస్టు పెట్టాడు. “లీడరు అమ్ముడుపోయాడు” అన్నారొకరు. “ముఖం చూస్తే ఒక్క కాఫీకే పోయినట్టున్నాడు” అన్నారింకొకరు. సంగతేమిటో కనుక్కుందామని అందరూ ఆఫీసుకే ఫోన్ చేశారు. లైను ఇంకా బిజీ అయింది.

చివరికి తన సొంత నంబరు పేజీ మీద పెట్టి, “అమ్ముడుపోయిన మాట నిజమే. తిట్లన్నీ ఇక్కడికే పంపండి,” అని రాశాడు. తిట్ల వాన మొదలైంది. అన్నం తింటూ తిట్టించుకున్నాడు, పోస్టర్లు గీస్తూ తిట్టించుకున్నాడు.

మర్నాడు కుట్టు షాపులో అక్క పక్కన కూర్చుని ఎవరిచేతో తిట్టించుకుంటుండగా, అసిస్టెంట్ ప్రాసిక్యూటర్ రొప్పుతూ లోపలికొచ్చింది.

“పొద్దున్నుంచీ మీకు ఫోన్ చేస్తున్నాను, లైను దొరికి చావదే! అక్కగారూ, మా ఆఫీసు ఫోన్ ఖాళీ అయింది. కండక్టరు గారు మళ్ళీ చేశారు. కారే అడ్డదిడ్డంగా వచ్చిందట. కోర్టుకొచ్చి చెప్తానన్నారు. ముందుసారి ఎవరో పిచ్చివాడు ఎత్తాడన్నారు.”

“మీరేమన్నారు?” అన్నాడు లీడరు.

“నిజమేనన్నాను.”

అక్క ఏడ్చింది. లీడరూ ఏడ్చాడు. ఫోన్లో ఎవరో ఇంకా “ద్రోహీ!” అంటుంటే, “అవునండీ, చాలా థాంక్సండీ,” అన్నాడు.

వీధి చివరిదాకా వెంటబడి కాఫీకి పిలిచాడు. “కేసు తేలేదాకా మీతో కాఫీ తాగకూడదు,” అంది ఆమె. ఆ మాటలో ‘తేలేదాకా’ అన్న ముక్క పట్టుకుని ఏడాది బతికాడు. వాయిదా ఉన్నప్పుడల్లా అక్కకు తోడంటూ వెళ్ళి, కోర్టులో వెనక బెంచీలో కూర్చుని ఆమెను చూశాడు. వాదనల్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

తీర్పు వచ్చింది. తప్పు కారుదే. స్కూటర్ నడిపినామె తప్పు ఏమీ లేదన్న వాక్యాన్ని అక్క మళ్ళీ చదివించుకుని వింది. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చేసరికి, వరండాలో తమ్ముడు లాయరమ్మ ఎదురుగా చెమటలు కక్కుతున్నాడు.

“మేడమ్, ఏడాదిగా... అంటే మొదటి రోజునుంచే... మీరంటే నాకు చాలా ఇష్టం.”

“తెలుసు. జడ్జి గారికి కూడా తెలుసనుకుంటా, మీరు నన్నలా చూసేవారు మరి. నాకూ ఇష్టమే.”

అక్క కల్పించుకుంది.

“మేడమ్, వీడు ఏ పని మొదలుపెట్టినా ముందు మనల్ని ముంచి, తర్వాత తను మునుగుతాడు. బాగా ఆలోచించుకున్నారా?”

“ఏడాదిగా ఆలోచిస్తూనే ఉన్నానండీ,” అంది ఆమె తల వంచుకుని.

అక్క ఆ కుడిచేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది. “అయితే ఇంక మేడమ్ అననమ్మా. ఇంటికి రా, అన్నం తిందువుగాని.”

ఇద్దరూ మాట్లాడుకుంటూ మెట్లు దిగారు. లీడరు ఆమె ఫైళ్ళ సంచి మోసుకుంటూ వాళ్ళ వెనక నడిచాడు.